చిన్నబడి అక్షరాలు

“సంతకం పెట్టను.”

గది బయట బెంచీ మీద కూర్చున్న హైమావతికి ఆ గొంతు స్పష్టంగా వినిపించింది. వణుకు లేదు అందులో. ఒకే ప్రశ్నకు పొద్దుటి నుంచి ఒకే జవాబు చెప్పి అలిసిపోయిన గొంతు అది. హైమావతి ఇక పిలుపు కోసం ఆగలేదు. లేచి, తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.

బందరు పోలీస్ స్టేషన్‌లోని ఆ చిన్న గదిలో బల్లకు అటు ఎస్సై బాలాజీ, ఇటు సుష్మిత కూర్చున్నారు. సుష్మితకు ఇరవై అయిదేళ్ళుంటాయి. లంగరు సిస్టమ్స్ అనే కంపెనీలో ప్రోగ్రామర్. పక్కనే గోడకి చేరబడి, చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషిని చూడగానే హైమావతికి ఒళ్ళు మండింది. శశిధర్. ఆ కంపెనీ హైదరాబాద్ నుంచి పిలిపించుకున్న ప్రైవేట్ ఇన్వెస్టిగేటర్. పోయినేడు ఒక రొయ్యల చెరువు కేసులో ఆమె పట్టుకున్న ఆధారాన్ని తనదిగా టీవీలో చెప్పుకున్న పెద్దమనిషి.

“గుడివాడలో పెళ్ళి సంబంధాల ఎంక్వైరీలు తగ్గిపోయాయా మేడం?” అన్నాడు నవ్వుతూ.

“తగ్గలేదండీ. మొన్న మీ గురించే ఎవరో అడిగారు. ఆ సంబంధం వద్దని చెప్పి పంపించాను.”

బాలాజీ నవ్వు ఆపుకుని, ఫైల్లో తలదూర్చాడు. హైమావతి ఒకప్పుడు ఆయనకు సీనియర్. పదమూడేళ్ళు ఎస్సైగా చేసి, పై అధికారి చెప్పినట్టు ఒక కేసు మూసెయ్యనని మొండికేసి, ఉద్యోగం వదిలి వెళ్ళిపోయిన మనిషి. ఇప్పుడు గుడివాడలో టైర్ల షాపు మీద గదిలో డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతోంది. ఆ సంగతి తెలిసినవాడు కాబట్టే బాలాజీ ఆమెను బయటికి పొమ్మనలేదు.

“ఈ అమ్మాయి తరఫున వచ్చారా మేడం?”

“కాదు. దయామణి తరఫున. తప్పిపోయిన బోటును నడిపిన సరంగు యాకోబు భార్య.”

సుష్మిత చప్పున తలెత్తింది. ఆమె కళ్ళల్లో మొదటిసారి బెరుకు కనిపించింది. “ఆవిడ... నన్ను తిట్టుకుంటోందా అండీ?”

“తప్పు నీది కాదంటోంది. ఎందుకంటోందో తేల్చడానికే నేనొచ్చాను. ముందు మీరు చెప్పండి బాలాజీ గారూ, సంతకం పెట్టమంటున్న ఈ కాగితంలో ఏముంది?”

బాలాజీ చెప్పిన కథ ఇది. గిలకలదిండి నుంచి షారోను అనే బోటు వేటకు వెళ్ళింది. సరంగు యాకోబు, అతనితో బోటు పని చేసే నలుగురు కళాసీలు. మొన్న సాయంత్రం నుంచి వాళ్ళ జాడ లేదు. అక్కడి బోట్లన్నిటికీ యజమానుల సంఘం లంగరు సిస్టమ్స్ చేత నల్ల పెట్టెలు పెట్టించింది. ఆపదొస్తే పెట్టె మీది ఎర్ర బటన్ నొక్కాలి, సంకేతం ఉపగ్రహం మీదుగా ఒడ్డున కంపెనీ కంట్రోల్ రూముకు చేరుతుంది. బోటు కదిలేముందు సరంగు తన ఫోన్‌లో కంపెనీ వెబ్‌సైట్ తెరిచి బోటు నంబరు, మనుషుల పేర్లు, పెట్టె నంబరు నింపాలి. అన్నీ సరిగ్గా ఉంటే పాస్ పచ్చగా వస్తుంది. పచ్చ పాస్ లేనిదే సంఘం బోటును కదలనివ్వదు.

“యాకోబు బటన్ నొక్కే ఉంటాడు,” అన్నాడు శశిధర్, వాక్యం తను అందుకుంటూ. “మా పెట్టె పని చేసే ఉంటుంది. కానీ వెబ్‌సైట్‌లో షారోను పేరు మీద వేరే పెట్టె నంబరు ఎక్కింది. కంట్రోల్ రూమ్ ఆ నంబరు పట్టుకుని చూసింది. మ్యాప్‌లో చుక్క దివిసీమలో, నాగాయలంక దిగువన నది పాయల దగ్గర కనిపించింది. తీర రక్షక దళం రెండు రోజులుగా అక్కడే గాలిస్తోంది, బోటు దొరకలేదు. తప్పు నంబరును లోపలికి రానిచ్చిందెవరు? ఈ అమ్మాయి రాసిన వాలిడేటర్. అది తన తప్పేనని రాసి సంతకం పెట్టమంటున్నాం. పెడితే నిర్లక్ష్యం కేసు. పెట్టకపోతే ఐదు ప్రాణాలు తీసిన కేసు.”

“పెట్టను,” అంది సుష్మిత. “నా క్లాస్ ఆ నంబరును రానివ్వదు.”

“వచ్చింది కదా!”

“నా క్లాస్‌లోంచి రాలేదు.”

హైమావతి కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చుంది. “నాకు కంప్యూటర్లు అంతంత మాత్రమే. ఆ వాలిడేటర్ క్లాస్ అంటే ఏంటో నాకు అర్థమయ్యేట్టు చెప్పు. కోర్టులో జడ్జిగారికి చెప్పినట్టు.”

సుష్మిత ఒక్క క్షణం ఆలోచించింది. “సైట్‌లో ఎవరేం నింపినా, నింపింది నింపినట్టు దాచుకోకూడదు కదండీ. ముందు పరీక్షించాలి. గడి ఖాళీగా ఉందా, ఫోన్ నంబరులో పది అంకెలున్నాయా... ఇలాంటివి చూసే పరీక్షలు రెడీమేడ్‌గా దొరుకుతాయి. కానీ ‘ఈ పెట్టె ఇంకో బోటుకి ఉందా? ఈ పెట్టె ఇవాళ పలుకుతోందా?’ అని అడిగేది ఎక్కడా దొరకదు. అది ఒక్క మనకే కావాల్సిన ప్రశ్న. అందుకని దానికోసం సొంతంగా ఒక క్లాస్ రాశాను. పెట్టె నంబరు దాని చేతికి వెళ్తుంది. అది మూడు చూస్తుంది. నంబరు రాసిన తీరు సరిగ్గా ఉందా, వేరే బోటు వాడుతోందా, పెట్టె నుంచి సంకేతం వస్తోందా. మూడింట్లో ఏ ఒక్కటి కాకపోయినా ఎర్రక్షరాలతో వెనక్కి కొడుతుంది. కారణం కూడా తెలుగులో చెప్తుంది.”

“రాసిన తీరు అంటే?”

“ఎల్, ఎన్, తర్వాత అంకెలు. ఎల్, ఎన్ పెద్దబడి అక్షరాలే ఉండాలి, అంటే క్యాపిటల్స్. చిన్నబడి అక్షరాలు రాస్తే ఒప్పుకోదు. మధ్యలో ఖాళీ వదిలినా ఒప్పుకోదు. అప్పుడే రెండు నంబర్లు ఒకటా కాదా అని పోల్చడం కుదురుతుంది.”

“బాలాజీ గారూ, షారోను పాస్ ఏదీ?”

బాలాజీ ఫైల్లోంచి ప్రింటు తీసి ఇచ్చాడు. హైమావతి కళ్ళద్దాలు పెట్టుకుని చదివింది. బోటు పేరు, సరంగు పేరు, కళాసీల పేర్లు. కింద పెట్టె నంబరు. ఆమె ఆ వరుస దగ్గర ఆగి, ప్రింటును బల్ల మీద శశిధర్ వైపు తిప్పింది.

“చదవండి శశిధర్ గారూ.”

“ఎల్ ఎన్ పదిహేడు.”

“ఏ బడి?”

శశిధర్ వంగి చూశాడు. చూశాక వెంటనే నిటారుగా నిలబడ్డాడు.

“చిన్నబడి,” అంది హైమావతి. “రెండక్షరాలూ చిన్నబడివే. పెట్టె బతికుందా చచ్చిందా అన్న ప్రశ్నదాకా వెళ్ళక్కర్లేదు. మొదటి ప్రశ్న దగ్గరే ఈ నంబరు వెనక్కి పోవాలి. కాబట్టి ఇది సుష్మిత గుమ్మంలోంచి రాలేదు. వేరే దారి ఏదైనా ఉందామ్మా?”

“ఉందండీ,” సుష్మిత గొంతు పెరిగింది. “ఆఫీసు పేజీ ఉంది. మా వాళ్ళు అందులో కొట్టింది సరాసరి డేటాబేస్‌లో పడుతుంది. అక్కడ కూడా నా క్లాస్ తగిలిద్దామని అడిగాను. ‘అది మనవాళ్ళు వాడేదే, పోలీసు కాపలా ఎందుకు’ అన్నారు ఎండీ గారు.”

“అంతా అబద్ధం,” అన్నాడు శశిధర్. “బోటు పోయిందని తెలిశాక ఈ అమ్మాయి ఆ పెద్దబడి నియమం కొత్తగా చేర్చి ఉండొచ్చు. సర్వర్ తెరిస్తేగానీ తేలదు. సర్వర్ కంపెనీ ఆస్తి. ఎండీ అనుమతి లేకుండా ఎవరూ ముట్టుకోడానికి లేదు.”

“సర్వర్ వద్దులెండి. పెట్టెనే అడుగుదాం. యాకోబు తమ్ముడు బాబ్జీ బోటుకు కూడా అదే వారంలో, అదే మనుషులు పెట్టె బిగించారట. ఆ బోటు గిలకలదిండి జెట్టీలోనే ఉంది. తెరిచి చూద్దాం.”

“తెరవడానికి వీల్లేదు!”

ఆ మాట అవసరమైనదానికంటే గట్టిగా వచ్చింది. బాలాజీ కూడా తలెత్తి చూశాడు. శశిధర్ సర్దుకుని, “సీలు ఉంటుంది. వారంటీ పోతుంది,” అని గొణిగి, ఫోన్ తీసుకుని బయటికి నడిచాడు. వరండాలోంచి అతని మాటలు ముక్కలు ముక్కలుగా లోపలికి వినిపించాయి. “అవును సార్... గిలకలదిండి... ఆవిడే సార్... సరే సార్, మీరొచ్చేదాకా ఆపుతాను.”

హైమావతి బాలాజీ వైపు చూసింది. “విన్నారా?”

బాలాజీ టోపీ అందుకున్నాడు. “సుష్మితను కూడా తీసుకెళ్దాం. అడగాల్సింది అక్కడే అడుగుదాం. మధ్యాహ్నం కోర్టుకు హాజరు పరచాలి మేడం, ఈలోపే ఏదైనా.”

* * *

జెట్టీ దగ్గర చేపల వేలం అయిపోయింది. దయామణి ఒక్కతే, బాబ్జీ బోటు ఎదురుగా వలల కుప్ప మీద కూర్చుని ఉంది. పోలీసు జీపు దిగిన సుష్మితను చూసి లేచి నిలబడింది. సుష్మిత తల దించుకుంది. దయామణి దగ్గరకొచ్చి ఆ పిల్ల గడ్డం పట్టుకుని తల పైకెత్తింది.

“నువ్వెందుకమ్మా తల దించుకోడం? నీ సైటే మా ఆయన్ని ఆపింది. ఎవళ్ళో పొమ్మన్నారు.”

“ఆ మాటే ఎస్సై గారి ముందు చెప్పు దయామణీ,” అంది హైమావతి. “ఆ రోజు ఏం జరిగింది?”

“ఆయన ఫోన్లో అన్నీ కొట్టాడండి. నేను పక్కనే అన్నం డబ్బా పట్టుకుని నించున్నాను. ఎర్రక్షరాలొచ్చాయి. ఆయన పైకి చదివాడు. ‘ఈ పెట్టె నుంచి సంకేతం రావటం లేదండీ, పెట్టె చూపించుకుని బయలుదేరండి’ అని. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ అదే.”

“నేను రాసిన వాక్యమే అది,” అంది సుష్మిత నెమ్మదిగా. “అక్షరం పొల్లుపోలేదు.”

“తర్వాత?”

“పెట్టె మీద రాసుంటే ఆ ఆఫీసు నంబరుకి ఫోన్ చేశాడండి. స్పీకరు పెట్టాడు. ఎవరో మగాయన ఎత్తాడు. ‘ఆ సైటు అంతే, పిచ్చి సైటు, మేం ఇక్కణ్ణించి చేసేస్తాం’ అన్నాడు. కాసేపటికి పాసు పచ్చగా వచ్చేసింది. ఆయన నవ్వి, ‘చూశావా, పెద్దోళ్ళకి చెప్తే అన్నీ అవుతాయి’ అన్నాడు.” దయామణి కొంగుతో మొహం తుడుచుకుంది. ఏడవలేదు. “నేను పొమ్మన్నానండి. పచ్చగా వచ్చింది కదా, ఇంకేం భయం అని నేనే పొమ్మన్నాను.”

హైమావతి దయామణి భుజం మీద చెయ్యి వేసి, ఒక్కసారి గట్టిగా నొక్కి, బోటు వైపు తిరిగింది.

బాబ్జీ బోటు పేరు ఎబెనెజరు. కేబిన్‌లో స్టీరింగు పక్కన, నాలుగు స్క్రూలతో గోడకు బిగించి ఉంది పెట్టె. నలుపు రంగు, ఇటుకరాయి అంత సైజు. మీద ఎర్ర బటను, దాని పక్కన వెలుగుతున్న పచ్చ దీపం. అంచు వెంట అంటించిన స్టిక్కర్ మీద ‘సీలు తీసినచో చర్య తీసుకోబడును’ అని అచ్చు వేసి ఉంది.

“ఈ దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుందా బాబ్జీ?”

“ఎప్పుడూనండి. ఇంజను ఆపినా, బ్యాటరీ వైరు పీకేసినా వెలుగుతానే ఉంటది. మంచి కంపెనీ అనుకున్నాం.”

హైమావతి బటన్ నొక్కింది. పచ్చ దీపం ఎర్రగా మారింది. కీచుమని చిన్న శబ్దం చేసింది. “సుష్మితా, నొక్కితే ఒడ్డున ఏం జరగాలి?”

“వెంటనే కంట్రోల్ రూమ్ నుంచి బోటు యజమానికి ఫోన్ రావాలి.”

బాబ్జీ తన ఫోన్ తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. అందరూ దానివైపే చూస్తూ నిలబడ్డారు. జెట్టీ మీద ఐసు కొట్టే చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు. ఫోన్ మోగలేదు.

“స్క్రూడ్రైవర్ ఇవ్వు.”

జీపు వెనకే వచ్చిన శశిధర్ కేబిన్ గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. “ఎస్సై గారూ, నేను కంపెనీ తరఫున అభ్యంతరం చెప్తున్నాను. ఈవిడకి ఏ అధికారం ఉందని సీలు తీస్తోంది? రేపు కోర్టులో ఇది చెల్లదు. కేసు వేస్తాం. ఏజెన్సీ మూయిస్తాం.”

బాలాజీ నీళ్ళు నమిలాడు. “మేడం, ఆయన చెప్పింది కూడా... వారెంటు...”

“వారెంటు ఎవరికండీ?” బాబ్జీ ముందుకొచ్చాడు. “బోటు నాది. పెట్టెకి పైసాతో సహా కట్టాను. ఇందులో ఉన్నది ఏదైనా నాదే. నా అన్న ఇలాంటి పెట్టెనే నమ్మి పోయాడు. అమ్మా, మీరు పక్కకి జరగండి. నేనే ఊడదీస్తాను.”

“జరగను. నువ్వు తియ్యి, నేను పట్టుకుంటాను. కేసు ఇద్దరి మీదా పడనీ.” హైమావతి శశిధర్ కళ్ళల్లోకి సూటిగా చూసింది. “నా పేరు పూర్తిగా రాసుకోండి. స్పెల్లింగ్ తప్పు పోకూడదు.”

స్టిక్కర్ చిరిగింది. ఒకటి తర్వాత ఒకటి స్క్రూలు చేతిలోకి వచ్చాయి. పెట్టె గోడ నుంచి విడిపోయింది. మూత పైకి లేవగానే అందరూ వంగి చూశారు.

లోపల చిన్న బ్యాటరీ ఉంది. దానికి తగిలించిన రెండు బల్బులు, ఒక బజర్. మిగతా చోటంతా ఒక సిమెంటు ముద్ద, చేతిలోకి తీసుకుంటే బరువుగా తోచాలని పోసింది. ఏరియల్ లేదు, చిప్ లేదు. ఆకాశంతో మాట్లాడగలిగే వస్తువు అందులో ఒక్కటీ లేదు.

దయామణి గుమ్మంలోంచి తొంగి చూసింది. “ఇదేనా అండీ మావాళ్ళు నొక్కింది?” అంది. జవాబు కోసం ఆగలేదు. వెళ్ళి మళ్ళీ వలల మీద కూర్చుని, సముద్రం వైపు మొహం తిప్పుకుంది.

హైమావతి ఆ సిమెంటు ముద్దను శశిధర్ చేతిలో పెట్టింది. “వారంటీ దీనికేనా?”

అతని మొహంలో నెత్తురు లేదు. ఇలాంటివాళ్ళ మొహాలు ఎన్నో చదివింది హైమావతి. నటనను ఇట్టే పట్టేస్తుంది. ఇది నటన కాదు. ఇతనికి తెలియదు. పెట్టె తెరవనివ్వొద్దని మాత్రమే చెప్పారు, ఎందుకో చెప్పలేదు.

“ఇది... ఇది ఒక్క పెట్టె,” అన్నాడు శశిధర్ ఎట్టకేలకు. “ఎవడో టెక్నీషియన్ మోసం చేసి ఉంటాడు. ఒక్క పెట్టెని పట్టుకుని...”

“ఒకటో, ఎన్నో ఇప్పుడే తేలుద్దాం. మీ భుజాన లాప్‌టాప్ ఉంది. అందులో సర్వర్ తాళం ఉంది. తెరవండి.”

“ఎండీ గారి అనుమతి లేకుండా నేను...”

“శశిధర్ గారూ,” హైమావతి గొంతు తగ్గించింది. “పోయినేడు మీరు నా ఆధారం దొంగిలించారు. పోన్లే, ఆధారమే కదా అని ఊరుకున్నాను. ఇవాళ మీరు కాపాడుతున్నది కంపెనీని అనుకుంటున్నారు, కాదు. ఆ సిమెంటు ముద్దని. రేపు దీన్ని ఎవరో ఒకరు టీవీలో చూపిస్తారు. పక్కన మీ బొమ్మ ఎటువైపు ఉండాలో ఇప్పుడే తేల్చుకోండి.”

శశిధర్ ముద్దను కిందపెట్టి, చేతులు దులుపుకుని, ఐసు డబ్బా మీద లాప్‌టాప్ తెరిచాడు.

“నిందితురాలు కంప్యూటర్ ముట్టుకోకూడదు,” అన్నాడు బాలాజీ.

“ముట్టుకోదు. చెప్తుంది. ఆయన కొడతాడు.”

సుష్మిత శశిధర్ వెనక నిలబడింది. పొద్దుటినుంచి తనను దొంగను చేసిన మనిషి వేళ్ళకు ఇప్పుడు ఆమె దారి చెప్పాలి. “నా క్లాస్ ఎప్పుడు రాశానో, ఎప్పుడెప్పుడు మార్చానో ముందు చూడండి సార్. పెద్దబడి నియమం మీద మీకు అనుమానం కదా.”

అతను వెతికాడు. చూశాడు. “మొదటి రోజు నుంచే ఉంది,” అన్నాడు. ఆ మాట పైకి అనడం అతనికి కష్టమైంది, కానీ అన్నాడు.

“ఇప్పుడు అదే క్లాస్‌ని పాత డేటా మీద నడపండి. కొత్తగా వచ్చేవాటి మీద కాదు, ఇప్పటికే లోపల కూర్చున్న పాసులన్నిటి మీదా. ఒక్కో వరుసనీ దాని చేతికి ఇవ్వండి. దేన్ని ఒప్పుకోదో అదే చెప్తుంది.”

శశిధర్ మీట నొక్కాడు.

తెర మీద మొదటి ఎర్ర వరుస వచ్చింది. షారోను. దానికింద ఎబెనెజరు. ఆ కింద ఇంకోటి, ఇంకోటి. వరుసలు పైకి పాకుతూనే ఉన్నాయి. బాబ్జీ వంగి ఒక్కో బోటు పేరూ పైకి చదవడం మొదలుపెట్టి, కాసేపటికి ఆపేశాడు. అందులో ఇవాళ వేటకెళ్ళిన అతని స్నేహితుల బోట్లున్నాయి. ప్రతి బోటుకీ ఎదురుగా అదే చిన్నబడి ఎల్, చిన్నబడి ఎన్, పదిహేడు.

“అన్నిటికీ ఒకే పెట్టె,” అంది సుష్మిత. “ఆఫీసు పేజీలోంచి ఎక్కించారు. అసలు పలికే పెట్టె వాళ్ళ దగ్గర ఒక్కటే ఉందండీ.”

బాలాజీ అప్పటికే వైర్‌లెస్ అందుకున్నాడు. సముద్రంలో ఉన్న బోట్లన్నిటినీ వెనక్కి పిలవమని, మీ పెట్టెలు పలకవని సరంగులకు చెప్పమని వరసగా ఆదేశాలిస్తున్నాడు. జెట్టీ మీద వార్త పాకింది. ఐసు కొట్టేవాళ్ళు పని ఆపేశారు. వలలు అల్లుతున్న ఆడవాళ్ళు లేచి, బోటు చుట్టూ మూగారు.

హైమావతి మాత్రం తెర వైపే చూస్తోంది. “ఆ పలికే పెట్టె, పదిహేడు... ఇప్పుడెక్కడుంది?”

“అదే కదా మేడం, నాగాయలంక దిగువన...” శశిధర్ మ్యాప్ తెరిచాడు. మాట మధ్యలో ఆగిపోయింది.

చుక్క నాగాయలంక దగ్గర లేదు. పాయల్లో లేదు. మోపిదేవి దాటేసి ఉంది. వాళ్ళు చూస్తుండగానే ముందుకు జరిగింది. చల్లపల్లి సెంటర్లో కాసేపు ఆగి, మళ్ళీ కదిలింది.

“బోటు రోడ్డెక్కిందా?” అన్నాడు బాలాజీ అయోమయంగా.

“కారు ఎక్కింది,” అంది హైమావతి. “రెండు రోజులుగా మనం నీళ్ళలో వెతుకుతున్న చుక్క ఎవరి కారులోనో తిరుగుతోంది. శశిధర్ గారూ, మీ ఎండీ ఎక్కణ్ణించి బయలుదేరతానన్నారు?”

శశిధర్ చుక్క మీంచి చూపు తిప్పలేదు. “దివిసీమ నుంచి.”

“ఇక్కడ ఏం జరిగిందో చెప్పకండి. రానివ్వండి. మేం ఎదురుచూస్తున్నామని మాత్రం ఆయనకు తెలియకూడదు.”

* * *

ఎండీ నాగభూషణరావు కారు జెట్టీ గేటు దగ్గర ఆగినప్పుడు తెర మీద చుక్క కూడా గిలకలదిండిలోనే ఆగింది. తెల్ల చొక్కా, నుదుట కుంకుమ, చేతిలో రెండు ఫోన్లు. వెనక సీట్లోంచి ఇద్దరు దిట్టమైన మనుషులు దిగారు. గుంపును, బాబ్జీ చేతిలోని మూత ఊడిన పెట్టెను చూసి కూడా ఆయన తడబడలేదు.

“ఏమ్మా, నా వస్తువుని పగలగొట్టావా? ఇలా ఇవ్వు దాన్ని.” చెయ్యి చాపాడు.

“ఏ పెట్టె కావాలండీ? సిమెంటు పోసిందా, మీ కారులో ఉన్నదా?” హైమావతి కదలకుండా అడిగింది.

నాగభూషణరావు చెయ్యి గాల్లోనే ఒక్క క్షణం నిలిచింది. “అది డెమో పీసు. నాగాయలంకలో బోటువాళ్ళకి చూపించడానికి తీసుకెళ్ళాను. దానికేం?”

“దాని నంబరు మీరు గిలకలదిండి అంతటికీ తగిలించారు. మిగతా అందరికీ సిమెంటు అమ్మారు. తెరిచింది ఒక్కటే, కానీ లెక్క మొత్తం తేలింది. తేల్చింది మీరు దొంగని చేసిన ఈ అమ్మాయి రాసిన క్లాసే.”

“ఎస్సై గారూ,” అన్నాడు నాగభూషణరావు, ఆమెను వదిలేసి. “జనాన్ని పంపించెయ్యండి. మనం మీ స్టేషన్లో కూర్చుని మాట్లాడుకుందాం.”

బాలాజీ ఆయన కారు వైపు నడిచాడు. “డిక్కీ తెరిపించండి సార్.”

“వారెంటు ఉందా?”

“తప్పిపోయిన బోటు సిగ్నల్ మీ కారులోంచి వస్తోంది. దానికోసం వారెంటు తెచ్చేదాకా నేను ఆగను. తెరవండి.”

దిట్టమైన మనుషుల్లో ఒకడు అడ్డం రాబోయాడు. బాబ్జీతో పాటు జెట్టీలోని జనం అంతా ఒక్క అడుగు ముందుకేసింది. అతను ఆగిపోయాడు. డ్రైవరు ఎవరి మొహమూ చూడకుండా తాళం నొక్కాడు.

డిక్కీలో పలికే పెట్టె ఉంది. కొత్తది, మెత్తటి గుడ్డలో చుట్టి ఉంది. హైమావతి దాన్ని బాలాజీకి అందించి, అడుగున ఉన్న గోనెసంచిని పక్కకి లాగింది. సంచి తడిగా తగిలింది. బురద వాసన వేసింది.

సంచిలో ఇంకో పెట్టె ఉంది. మూత ఊడి ఉంది. సిమెంటు ముద్ద సగం పగిలి ఉంది, ఎవరో కోపంతో నేలకేసి కొట్టినట్టు. స్క్రూ కన్నాల చుట్టూ బోటు గోడ నుంచి ఊడొచ్చిన నీలం రంగు పెచ్చులు అంటుకుని ఉన్నాయి.

వెనకనుంచి దయామణి చెయ్యి వచ్చి ఆ పెట్టెను అందుకుంది. దాని పక్క మీద పెయింట్‌తో రాసిన మూడక్షరాల మీద వేలు పెట్టింది. షా, రో, ను.

“ఇది నేను రాసిందండి,” అంది. “ఆయన చెయ్యి వంకరపోతుందని నా చేత రాయించాడు.”

ఆమె నాగభూషణరావు వైపు తిరిగింది. అరవలేదు. దగ్గరగా వెళ్ళి, ఆ తెల్ల చొక్కాను రెండు చేతులతో గుప్పెటపట్టి, “మా ఆయనేడీ?” అని అడిగింది.

మొదటిసారి నాగభూషణరావు కళ్ళు గేటు వైపు వెతికాయి. కారు వెనక ఉండాల్సిన ఇద్దరు మనుషుల్లో ఒకడు అప్పటికే లేడు. జనంలోంచి జారుకుని, చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని రోడ్డు వైపు పరుగెడుతున్నాడు.

“బాబ్జీ, వాణ్ణి పట్టుకో! ఫోన్ లాక్కో!” అని హైమావతి అరిచింది. తర్వాత బాలాజీ వైపు తిరిగింది.

“నడిసముద్రంలో మునిగిన బోటులోని పెట్టె నడిచి కారెక్కదు. షారోను ఒడ్డు చేరింది. మనుషులు పెట్టె పగలగొట్టి చూశారు. చూసినవాళ్ళు నోరు విప్పకుండా ఈయన వాళ్ళని ఎక్కడో దాచాడు. తీర రక్షక దళానికి చెప్పండి బాలాజీ గారూ, ఇక వెతకాల్సింది నీళ్ళలో కాదు, ఒడ్డు మీద.”